గాలి పట్టిన ఇంజను

పంచాయతీ సమితి జీపు ఇంజను గది ముందు ఆగేసరికి ఊరు ఊరంతా బిందెలతో అక్కడే ఉంది.

మంచినీళ్ల ఇంజను మళ్లీ మొరాయించింది. ఊరికున్నది ఒకటే బోరు, దాని మీద ఒకటే డీజిల్ ఇంజను. అది ఆగితే ఆడవాళ్లు ఎర్రటి ఎండలో మామిడితోపు బావి దాకా నడవాలి.

అందరికంటే ముందు మునిరత్నమ్మ నిలబడి ఉంది. ఇంజను ఆడించే పని ఆమెది. మొగుడు చెంగయ్య ఆ పనిలో ఉండగానే పాము కరిచి పోయాడు. పంచాయతీ వాళ్లు జాలిపడి గది తాళంచెవి ఆమె చేతిలో పెట్టారు. ఆమెకు తిండి పెట్టేది ఆ తాళంచెవే. ఊళ్లో ఆమెకు కాస్తో కూస్తో మర్యాద ఉందంటే అదీ దాని పుణ్యమే. సర్పంచి మునివెంకటప్ప బామ్మర్ది ఎప్పటి నుంచో దాని మీద కన్నేసి ఉన్నాడు.

జీపులోంచి ఓవర్సీరు దిగాడు. వెనక నుంచి పనిముట్ల సంచితో సమితి మెకానిక్ దామోదరం దిగాడు.

దామోదరాన్ని చూడగానే మునిరత్నమ్మకు ప్రాణం లేచొచ్చింది.

చుట్టుపక్కల ఊళ్లలో పంచాయతీ ఇంజన్లన్నిటికీ ఆయనే దిక్కు. ఆ ఎండాకాలమంతా ఈ ఊరి ఇంజను మాత్రం ఆయన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. అయినా ఏనాడూ విసుక్కోలేదు. కబురందితే చాలు, మొదటి బస్సుకే దిగేవాడు. గోనెసంచి పరిచి, ఇంజనంతా విప్పి, ఒక్కో సామానూ కిరసనాయిలుతో కడిగి, పెళ్లికూతురి నగల్లా పేర్చేవాడు. ఈలోగా తిరిగెళ్లే బస్సు కాస్తా వెళ్లిపోయేది. ఒక్కోసారి స్పేరు తిరుపతి నుంచి రావాలనేవాడు. అప్పుడు ఇంకో రోజు. తిండి మునిరత్నమ్మ ఇంట్లో, సంగటి, ఊరిబిండి పచ్చడి. పడక పంచాయతీ ఆఫీసు అరుగు మీదని చెప్పేవాడు. ఇంత ఓపికగల పనివాణ్ణి ఎక్కడా చూడలేదని ఊరు మెచ్చుకునేది.

ఇంజను ఆగిన రోజున మునిరత్నమ్మ కూడా ఊరికే కూర్చునేది కాదు. మామిడితోపు నుంచి బిందెలు మోసుకొచ్చి, నడవలేని ముసలివాళ్ల ఇళ్లల్లో పోసేది. నీకెందుకే ఈ చాకిరీ అని ఎవరన్నా వినేది కాదు.

"ఏమయ్యా దామోదరం," అందరి ముందే అందుకున్నాడు ఓవర్సీరు. "ఒకసారి నాజిల్ అంటావు, ఇంకోసారి వాల్వు అంటావు. నువ్వు బాగుచేసి పోయిన నాలుగు నాళ్లకే మళ్లీ కబురు. రోగం ఇంజనుకా, నీ చేతికా? ఇవాళ తేలాల. తేలకపోతే నువ్వు ఇంటికి పోవాల్సిందే."

దామోదరం ముఖంలో నెత్తుటి చుక్క లేదు. లోపలికెళ్లి ఇంజను పక్కన కూర్చున్నాడు. ఈసారి గోనెసంచి పరచలేదు. ఏదీ విప్పలేదు. డీజిల్ పంపు మీదున్న చిన్న స్క్రూను వేలితోనే అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"ఇంజనులో ఏం లేదు సార్. ఇది గాలి తీసే స్క్రూ. దీన్ని వదులు చేస్తే డీజిల్‌లో గాలి పడతాది, ఇంజను ఆగిపోతాది. ఎవురో కావాలనే చేస్తా ఉండారు."

గుంపులో గుసగుసలు లేచాయి. మునిరత్నమ్మ చేతిలో తాళంచెవి చెమటకు తడిసింది. ఆయనుండగా తనకేం కాదులే అనుకుంది.

"ఎవురు?" అన్నాడు ఓవర్సీరు.

"తాళంచెవి ఒకరి దగ్గరే ఉంటాది సార్."

ఆ మాట నేల వైపు చూసి అన్నాడు.

సర్పంచి అని ఉంటే మునిరత్నమ్మ ఎదురు తిరిగేది. ఊరంతా అని ఉంటే దుమ్మెత్తి పోసేది. అన్నది ఆయన. మొన్న మొన్నటి దాకా తన చేతి సంగటి తిన్న నోటితోనే అన్నాడు.

పక్కింటి వరదమ్మ ఆగలేకపోయింది. "ఏం మేస్త్రీ, దాని కూడు తిని దాని మీదే నింద ఏస్తావా? హ్యాండిలేసి తిప్పేది తప్ప దానికేం తెలుసు సారూ? ఆ స్క్రూ యాడుండాదో కూడా తెలీదు ఆ బిడ్డకి!"

"ఏమ్మా, నువ్వు చేసినావా, లేదా? నోరు తెరిచి చెప్పు," అన్నాడు ఓవర్సీరు.

మునిరత్నమ్మ దామోదరం వైపే చూస్తోంది. ఒక్కసారి తలెత్తితే చాలు, అంతకు మించి ఏమీ అక్కర్లేదు అనుకుంది. ఆయన గుడ్డపేలికతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. ఆ చేతులకు అంత మురికేమీ అంటలేదు.



"సూసినారా సారూ, పలకదు," అన్నాడు మునివెంకటప్ప. "తప్పు చేసింది కాబట్టే పలకదు. ఇట్టా తే తాళంచెవి."

ఇచ్చేసింది. అది చేతులు మారి బామ్మర్ది జేబులోకి పోయింది. గుంపులో ఎవరో తూ అని ఉమ్మేశారు. మంచినీళ్ల కాడ ద్రోహం చేసింది, దీనికి పుట్టగతులుండవని ఒక ముసలామె మెటికలు విరిచింది. మునిరత్నమ్మ మోసుకొచ్చిన నీళ్లు తాగిన ముసలామే.

దామోదరం గాలి తీసి, స్క్రూ బిగించి, హ్యాండిలేసి తిప్పాడు. ఇంజను డుగుడుగుమంది. బిందెలన్నీ ట్యాంకు వైపు పరుగెత్తాయి. ఆమె పక్క నుంచే పోయి ఆయన జీపెక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఉగాది వెళ్లిన కొత్తల్లో, మళ్లీ ఎప్పుడొస్తావని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఇదే గదిలో ఆమె చేతిలో స్పానరు పెట్టి, "నన్ను చూడాలనిపించినప్పుడు దీన్ని అర చుట్టు వదులు చెయ్, వాళ్లే నన్ను పంపిస్తారు" అని ఆ స్క్రూ చూపించింది దామోదరమే.