గడీలో బిలియర్డ్స్ బల్ల

“బంతి ఎటు పోతున్నదిరా?”

దొర గొంతు మెల్లగా ఉంది. మెల్లగా ఉన్నప్పుడే ఆయనంటే ఎక్కువ భయం. ఊరి వడ్రంగి వడ్ల బుచ్చయ్య చేతులు కట్టుకుని బల్ల మీది ఎర్ర బంతిని చూస్తూ నిలబడ్డాడు. దొర కొట్టిన బంతి సగం దూరం తిన్నగా పోయి, అక్కడి నుంచి పక్కకు తిరిగి, మూలకు చేరి ఆగింది. కొట్టడం ఇది అయిదోసారి. అయిదుసార్లూ అదే మూల.

ఆట చూడ్డానికి వచ్చిన పోలీసు అమీన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. “దొరా, మీ బల్ల మీద ఆట మస్తు సులువున్నది. ఎటు కొట్టినా ఒక్కతానికే పోతది.”

ఆ నవ్వు చాలు. దొర చేతిలోని ఆటకర్ర బుచ్చయ్య వీపు మీద రెండుసార్లు, కంటి కింద ఒకసారి పడింది.

“మహదేవపూర్ అడివి నుంచి టేకు తెప్పిస్తి. సరిపోతదా అంటే సరిపోతది దొరా అంటివి. గిదా నువ్వు చేసింది?”

“తప్పయింది, నీ బాంచెన్. కర్ర పచ్చిది. పదిహేను దినాల ఎండకు వంగింది.”

పట్నంలో ఎవరో నవాబు ఇంట్లో ఇలాంటి బల్ల చూసి వచ్చినప్పటి నుంచి దొరకు నిద్ర లేదు. లింగాల ఘనపూర్ చుట్టుపక్కల ఏ గడీలోనూ లేనిది తన గడీలో ఉండాలి. బంతులు, పైన పరిచే ఆకుపచ్చ బనాతు గుడ్డ పట్నం నుంచి కొనుక్కొచ్చారు. బల్ల మాత్రం వెట్టికే కావాలి. దొర గుణం అలాంటిది మరి. ఊళ్లో సంఘం పెట్టి వెట్టి బందు చేశాక ఊరు ఊరంతా గడీ మెట్లెక్కడం మానేసింది. రంపం, బాడిస, రందా సంచిలో వేసుకుని ఎక్కినవాడు బుచ్చయ్య ఒక్కడే.

“ఎండిన కర్ర ఏడ దొరుకుతదిరా?”

“ఊళ్లె ఏడ లేదు దొరా. ఉన్నదంటే...” బుచ్చయ్య మాట మింగేశాడు.

“చెప్పు.”

“మన పెద్దర్వాజ తలుపులే. మా తాత చేసినయి. యాభై ఏండ్ల టేకు, ఎంట్రుకంత గూడ వంగదు. కానీ అవి ముట్టద్దు దొరా. సంఘపోళ్లు మీది మీదికి వస్తున్నరు. నా మాట ఇనుండ్రి.”

దొర ముఖం కందిపోయింది. అమీన్ ఎదుట, అదీ ఒక వడ్లవాడి నోట, సంఘం పేరు చెప్పి తనకు భయం పెట్టడమా!

“ఆ బిచ్చపోళ్లకు భయపడి నేను ఆట మానుకోవాల్నా? తలుపులు తీసి బల్ల చెయ్యి.”

“మరి దర్వాజకు?”

“గీ పాడు కర్ర లేదా? ముందుగాల దీనితోని కొత్త తలుపులు చెయ్యి. అవి బిగిచ్చినంకనే పాతయి కొయ్యి. తలుపుల మీద బంతులు దొర్లిస్తమా ఏంది?”

ఈసారి అమీన్ దొర మాటకు నవ్వాడు. దొరకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంట్లో యాకమ్మ మొగుడి కంటి కింది వాపు చూసి కూడా కదల్లేదు. వెట్టికి రానన్నందుకు మూడు నెలల కిందట ఆమె తమ్ముడు చంద్రయ్యను ఆ గడీ వాకిట్లోనే కొట్టి చంపారు. శవాన్ని మోసుకొచ్చిన నలుగురిలో బుచ్చయ్య ఒకడు. అదే మనిషి రెండు నెలలకే పనిముట్లు పట్టుకుని అదే వాకిలి దాటాడు. ఆనాటి నుంచి ఆమె సంఘంలో తిరుగుతోంది, మొగుడితో మాట మానేసింది. ఇవాళ ఉండబట్టలేకపోయింది.

“పచ్చికర్ర వంగుతదని పసిపోరలకు ఎరుకే. ముప్పై ఏండ్ల సంది పని చేస్తున్నవు, నీకు ఎరుక లేదా? గడీ మెట్లెక్కంగనే పనితనం గూడ దొర కాళ్లకాడ పెట్టొచ్చినవా?”

బుచ్చయ్య ఉలి నూరుకుంటున్నాడు. “తలుపులు చెయ్యాలె. రేపు పొద్దుగాల్నే పోవాలె.”

“పో. నీ పని అయిన దినమే నేను కేసముద్రం మా అక్క కాడికి పోత. మళ్ల రాను.”

మర్నాటి నుంచే ముసురు పట్టింది. బుచ్చయ్య వంగిన చెక్కల్ని రందా పట్టి సాఫు చేశాడు, కొత్త తలుపులు బిగించాడు, పాత తలుపులు కోసి బల్ల చేశాడు. పన్నెండు రోజులు వానలో తడుస్తూ గడీకి పోయాడు, తడుస్తూ వచ్చాడు. దారిలో ఆడవాళ్లు మొహం మీదే ఉమ్మారు. ఒకరోజు ఎవరో వెనక నుంచి పేడనీళ్లు గుమ్మరించారు. తుడుచుకుని గడీ దిక్కే నడిచాడు. తన తరఫున చెప్పుకోవడానికి అతని దగ్గర ఏముందని ఊరి ఉద్దేశం.

పదమూడో నాడు దొర బంతి కొట్టాడు. బంతి తిన్నగా పోయి బొక్కలో పడింది. అమీన్ చప్పట్లు కొట్టాడు. దొర ఆ సంతోషంలో దర్వాజ దాకా వచ్చి, కొత్త తలుపులు తానే మూసి చూశాడు. చీమ దూరే సందు లేదు.

“మంచిగనే చేసినవు గదరా!” అన్నాడు. ఆయన నోట బుచ్చయ్య విన్న మొదటి మంచిమాట అదే.

ఇంటికి వచ్చేసరికి యాకమ్మ మూట కట్టుకుని గడపలో నిలబడి ఉంది.

“అయిందా దొర ఆట?”

“అయింది. బంతి గీత గీసినట్టు పోతున్నది.”

“సంబురమే!” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “నా తమ్ముని నెత్తురు పడ్డకాడ ఆ పాపిష్టోనికి కొత్త తలుపులు నిలబెట్టొచ్చినవు. నీ మొగం చూడను.”

మూట చంకన పెట్టుకుని వీధిలోకి దిగింది. ముసురు విడిచి, చాలా రోజులకు ఆకాశం తేటగా ఉంది. బుచ్చయ్య పైకి చూసి, ఆమె వెనకే నాలుగడుగులు వేశాడు.

“యాకమ్మా, ముందుగాల సంఘపోళ్లను కలిసి పో.”

“ఎందుకు? నీ మీద దయ చూపుమనాల్నా?”

బుచ్చయ్య అటూ ఇటూ చూసి, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“నాలుగెండలు కాస్తే ఆ తలుపులకు గడియ పడదు.”