తాటిమొద్దుల కట్ట

వాన వెలిసింది. పెంచలరెడ్డి తన పొలంలో సొంతంగా కట్టించుకున్న చిన్న చెరువు కట్ట మీద, కాపలాదారు షావలి కర్రతో నేల తడుతూ నడుస్తున్నాడు. చీకట్లో లాంతరుకన్నా అతనికి ఆ చప్పుడే నమ్మకం. గట్టి మట్టి అయితే దబ్బుమంటుంది.

నడిమధ్యలో ఖాళీ కుండ మీద కొట్టినట్టు మోగింది.

షావలికి ఒళ్ళు మండింది. అరవై ఒకటిలో గండి పడ్డది సరిగ్గా ఇక్కడే. మట్టి తోలిస్తే ఖర్చని రెడ్డి తాటిమొద్దులూ వరిగడ్డీ కుక్కించి, పైన పలచగా మన్ను కప్పించాడు. అవి ఈపాటికి పుచ్చిపోయి ఉంటాయని సాయంత్రమే షావలి వెళ్ళి ఆయనకు చెప్పాడు. ఎక్కువైన నీళ్ళు పోయే కలుజుకు అడ్డం పెట్టిన పలకలు తీయించమని బతిమాలాడు.

"చేపలు కొట్టుకుపోతాయి సాయిబూ. కట్ట నాది, నీకెందుకు?" అన్నాడు రెడ్డి, వక్క నములుతూ.

కట్ట ఆయనదే. దాని కింద నిద్రపోతున్న నలభై గుడిసెలు ఎవరివి?

లాంతరు దించి చూశాడు. కట్ట దిగువన బురదనీళ్ళు ఊరుతున్నాయి. వాటిలో నల్లబడిన గడ్డిపోచలు తేలి వస్తున్నాయి. కప్పలన్నీ ఒక్కసారిగా నోరు మూశాయి.

"లేవండి! దిబ్బెక్కండి! కట్ట పోతుండాది!" అని గుడిసెల వైపు అరిచాడు.

చాలాసేపటికి ఒక తలుపు కిర్రుమంది. "రెడ్డిగారు చెప్పినారా?" అని లోపలినుంచే అడిగింది పేరమ్మ.

"ఆయనెందుకు చెప్తాడమ్మా! ఆయన మిద్దె దిబ్బ మీదుండాదే!"

కోపం పట్టలేక షావలి కర్రను కట్టకేసి కొట్టాడు. మళ్ళీ అదే కుండ మోత. కర్ర పైకెత్తి, ఊపిరి బిగబట్టి విన్నాడు.

కాళ్ళ కింద మోత ఆగలేదు.