ఒకే చప్పుడు

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు అడవిదున్న పడింది. తుపాకీ చప్పుడు ఒక్కటే వినిపించింది. ఆ చప్పుడుతోబాటే గాట్సి భుజం మీద తుపాకీ ఎగిరిపడటం తవెంగ్వా చూశాడు.

గాట్సి లైసెన్సున్న వేటగాడు. అతిథుల్ని వేటకు తీసుకెళ్ళి, పక్కన నిలబడి కాల్పించడం అతని పని. తవెంగ్వా అతనికి మేనమామ వరస, వాళ్ళ భాషలో 'సెకురు'. జాడ తీస్తాడు, జంతువు పడ్డాక తోలూ తీస్తాడు.

"చూశావా సెకురూ?" గాట్సి మామ పక్కకి చేరి గొంతు తగ్గించి అడిగాడు.

"నా కళ్ళింకా పోలేదు. అతిథితోబాటే నువ్వూ ఎందుకు కాల్చావురా? రెండు చప్పుళ్ళూ ఒకటైపోయాయి."

"ఆయన తుపాకీ కొన వణికింది. దెబ్బతిన్న దున్న ఆ పొదలో దూరితే ముందు వెళ్ళాల్సింది నువ్వు. నీ చేతిలో కర్ర తప్ప ఏముంది?"

తవెంగ్వా దున్న దగ్గరికి నడిచాడు. ఆ కర్ర కొనతోనే దున్న కంటిని తాకాడు. రెప్ప కదల్లేదు.

అతిథి పేరు ఓలెసెన్. డెన్మార్క్‌లో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. పెద్ద జంతువు వేటకు రావడం ఇదే మొదలు. దున్నలో తన తూటా తప్ప మరొకరిది ఉండకూడదని, ఉంటే లైసెన్సు ఇచ్చినవాళ్ళకి ఫిర్యాదు చేస్తానని నిన్న గాట్సి చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. ఇప్పుడు దున్న దగ్గరికి రాకుండా, తుపాకీ ఆనించుకునే ముక్కాలి కర్రల దగ్గరే నిలబడి ఉన్నాడు.

"రండి, మీ దున్న!" గాట్సి చెయ్యి ఊపాడు. "ఒక్క దెబ్బకే పడింది!"

ఓలెసెన్ నెమ్మదిగా వచ్చాడు. "మీరు కాల్చలేదా?"

"మాటిచ్చాను కదా."

ఓలెసెన్ అతని మొహంలోకి చూశాడు. మొదటి దున్న కొట్టినవాడి చెంపకు దాని నెత్తురు పుయ్యడం అక్కడి ఆచారం. గాట్సి వేలు ముంచేసరికి అతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఈయనకి అనుమానం వచ్చింది," అన్నాడు గాట్సి తమ భాషలో.

"వచ్చాక ఏడవడం దేనికి? కొమ్ము పట్టు. బండెక్కిద్దాం."

పది గంటలకు తోలు తీసే షెడ్డులో తవెంగ్వా కత్తి పట్టాడు. ఓలెసెన్ వచ్చి బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు.

"ఇక్కడ ఈగలు సర్. మీరు వెళ్ళి కాఫీ తాగండి," అన్నాడు తవెంగ్వా.

"ఫరవాలేదు. తూటా దొరుకుతుందా?"

"ఒక్కోసారి దొరుకుతుంది. ఒక్కోసారి దూసుకుపోతుంది."

"దొరక్కపోయినా ఫరవాలేదు," అన్నాడు ఓలెసెన్. కాని లేవలేదు.

తోలు మీద చిల్లు ఒక్కటే ఉంది. బొటనవేలు పట్టేంత. అది గాట్సి పెద్ద తుపాకీ చేసిన చిల్లు. అవతలి భుజం దగ్గర తోలు కింద గట్టిగా ఏదో తగిలింది. తవెంగ్వా దాన్ని కొవ్వుముక్కతో సహా గుప్పిట్లోకి తీసుకుని, పేగుల బకెట్లోకి జారవిడిచాడు. తర్వాత అతిథి తూటా కోసం వెతికాడు. మెడ చూశాడు, పక్కటెముకలు చూశాడు, కడుపు చీల్చి చూశాడు. లేదు.

"గాలికి పోయింది," అన్నాడు తమ భాషలో, దున్న కాలు పట్టుకున్న గాట్సితో. "పక్కనున్న చెట్టుకైనా తగిలిందో లేదో."

"అయితే నా పని అయిపోయినట్టే. ఏదీ దొరకలేదంటే, కొండంత దున్న దేనికి పడిందని అడుగుతాడు."

"ఏమంటావు, దిష్టి తగిలి పడిందంటావా? నోరు మూసుకుని కాలు పట్టు."

కత్తి నూరుకొస్తానని తవెంగ్వా షెడ్డు మూలకి వెళ్ళాడు. అక్కడ గుంజకు ఒక పాలడబ్బా వేలాడుతోంది. ఆ ఏడాది జంతువుల్లో దొరికినవి, అతిథులు వదిలేసి వెళ్ళినవి, తూటాలన్నీ అందులో పడేస్తారు. ఓలెసెన్ తుపాకీ సైజు తూటా ఒకటి ఏరి అరచేతిలో దాచుకున్నాడు. తిరిగొచ్చి దున్న ఛాతీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

"దొరికింది సర్!"

నెత్తురు కారుతున్న తూటాని ఓలెసెన్ అరచేతిలో పెట్టాడు. అతను దాన్ని ఇటూ అటూ తిప్పాడు. గాట్సి పట్టుకున్న కాలు వదిలేశాడు.

"ఇది నాదేనా?" అడిగాడు ఓలెసెన్.

"మీదే సర్. గుండె పక్కన ఉంది."

"ఇంకేమైనా దొరికిందా?"

"లేదు."

ఓలెసెన్ చాలాసేపు తూటాని చూశాడు. తర్వాత తలెత్తి తవెంగ్వాని చూశాడు, గాట్సిని చూశాడు.

"అవును. నాదే," అన్నాడు. రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నిన్న సంతకం పెట్టించుకున్న కాగితం తీసి నాలుగు ముక్కలు చేసి గాట్సి చేతికిచ్చాడు. లేచి ఇద్దరితోనూ చేతులు కలిపాడు. తవెంగ్వా చేతికి మోచేతి దాకా నెత్తురున్నా వెనకాడలేదు. ఫొటో తీసుకుందామని కూడా అతనే అన్నాడు.

"బతికాం సెకురూ," అన్నాడు గాట్సి, అతను వెళ్ళాక.

"నువ్వు బతికావు. నేను ముసలితనంలో అబద్ధాలకోరునయ్యాను."

మధ్యాహ్నం రెండున్నరకు, అతిథి తన డేరాలో నిద్రపోతుండగా, తవెంగ్వా తుపాకులు తుడవడానికి కూర్చున్నాడు. ముందు గాట్సిది తీశాడు. గొట్టంలోంచి లాగిన గుడ్డ పేలిన మందు మసితో నల్లగా వచ్చింది. కొత్త గుడ్డ చింపుకుని ఓలెసెన్‌ది తీసుకున్నాడు. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట వేసే ఉంది. దాన్ని తప్పించి బోల్టు వెనక్కి లాగాడు. పేలని తూటా ఒకటి ఒళ్ళో పడింది. తూటాల అరలో ఇంకో మూడున్నాయి. గొట్టంలోకి గుడ్డ దూర్చి రెండో కొసనుంచి లాగాడు. తెల్లగానే వచ్చింది.