ఇంకో షెడ్డు

మోటరు హారను వినబడగానే ఐలవ్వ పొయ్యిలో నీళ్లు చల్లి, ఉయ్యాలలోని పసిదాన్ని ఎత్తుకుంది. గుట్టమీది సర్కారు బంగళాకు ఏ దొర వచ్చినా, ఐలవ్వ కుటుంబం కాపురముండే షెడ్డును మోటరుకు వదలాల్సిందే.

వంటవాడైన మొగుడు లక్ష్మీరాజం చాపా కుండలూ బయటికి లాగాడు. తల్లీబిడ్డలు వానలో వంటింటి చూరు కింద నిలబడ్డారు.

వచ్చిన ఆఫీసరు చెడ్డవాడేం కాదు. చాయ్ తాగుతూ, "ఈ గుట్ట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ఇక్కడ ఇంకో పది గదులు కట్టిస్తున్నామోయ్. ఇంకేం కావాలో చెప్పు, ప్లానులో వేయిస్తాను" అన్నాడు.

చూరు కింద నుంచి ఐలవ్వ చెవి ఒగ్గింది. మొగుడు ఆ పది గదులతోపాటు తమకూ ఒక్క అర్ర అడుగుతాడనుకుంది.

"మోటర్లకు ఇంకో షెడ్డు కావాలె, సార్" అన్నాడు లక్ష్మీరాజం.

"భేషుగా చెప్పావోయ్" అని ఆఫీసరు లోపలికి వెళ్లిపోయాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? మనకో అర్ర అడుగరాదా?" అని నిలదీసింది ఐలవ్వ.

"మూడేండ్ల సంది అడుగుతనే ఉన్న. వంటోనికి అర్రెందుకంటరు. మోటరుకు షెడ్డంటే ఎవ్వరు కాదనరు. ఒకదాంట్ల మోటరుంటది, ఇంకోదాంట్ల మనముంటం."

ఐలవ్వకు కోపం దిగిపోయింది. పసిదాని నెత్తిమీద కొంగు కప్పుతూ నెమ్మదిగా అడిగింది.

"పది అర్రలు కట్టినంక, వచ్చేటి మోటరు ఒక్కటేనా?"

లక్ష్మీరాజం కడిగిన కప్పునే మళ్లీ కడిగాడు.