ఎడమకు లాగే రంపం

"తాడు లాగి లాగి భుజం పడిపోయింది గానీ, మిషను మాత్రం కిక్కురుమనడం లేదు మేస్త్రీ," అంటూ గడ్డం మనిషి చెట్లు కోసే రంపాన్ని బల్ల మీద పెట్టాడు. "పాత గిరాకీనే. మీరు గుర్తుపట్టలేదు."

"నాకు మొహాలు గుర్తుండవయ్యా, మిషన్లే గుర్తుంటాయి. దీన్ని వాడి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు. గోనెసంచిలో చుట్టి అటక మీద పడేశాను."

మేస్త్రి ప్లగ్గు విప్పాడు. నల్లగా మసి పట్టి ఉంది. ట్యాంకులో పెట్రోలు జిగురైపోయి ముక్కు బద్దలయ్యే కంపు. ఫిల్టరు నిండా రంపపు పొట్టు. ఇక చైను సంగతి చెప్పనే అక్కర్లేదు. పాత నూనె, దుమ్ము కలిసి తారు పూసినట్టుంది.

"ఇదే మనిషైతే నిన్ను నాలుగు తన్నేవాడు," అన్నాడు మేస్త్రి.

"మీ చేతిలో పడిందిగా, బతికేస్తుంది. చుక్కల మేస్త్రి అంటే మాటలా!"

ఆ పేరు వీధివాళ్లు పెట్టింది. చైనుకి పదును పెట్టడం మొదలెట్టగానే దాని మీద ఒక ఎర్ర చుక్క పెడతాడు మేస్త్రి. పని ముగించాక పక్కనే ఇంకోటి. రెండూ పడ్డాకే సరుకు గడప దాటాలి. ఎవరైనా తొందరపెడితే మాత్రం పట్టపగలే చుక్కలు చూపిస్తాడని వెనక నవ్వుకుంటారు.

గంటసేపు ఇంజను కడిగి, తుడిచి, కొత్త ప్లగ్గు వేసి తాడు లాగాడు. రెండుసార్లు దగ్గింది. మూడోసారి గర్జించింది.

"అబ్బ! ప్రాణం లేచొచ్చింది మేస్త్రీ!"

"ఆగు. ఇంకా కోసి చూడాలి."

ఏ రంపం వచ్చినా కోసి చూడకుండా ఇవ్వడు. కోశాక గోడ వంక చూస్తాడు. అక్కడ మేకుకి ఒక చెక్క వేలాడుతోంది. మూడేళ్ల నుంచీ వేలాడుతోంది.

ఆ ఏడు పెద్ద గాలివాన వచ్చింది. వీధులన్నీ విరిగిన చెట్లే. ఆ వారం షాపు ముందు రంపాలు బారులు తీరాయి. మేస్త్రికి తిండి లేదు, నిద్ర లేదు. ఓ మధ్యాహ్నం తమ్ముడు క్యారియరు తెచ్చి, "చస్తావా ఏంటన్నా! ముందు తిను," అని చేతిలోంచి పదును పెట్టే ఆకురాయి లాక్కుని మరీ తినిపించాడు. ఆ పది నిమిషాలు కూడా జనం ఆగలేదు. ఎవరి రంపం వాళ్లు పట్టుకుపోయారు. తమ్ముడు కూడా ఖాళీ క్యారియరు అక్కడే వదిలి, చెట్లకి తాడు పట్టే కూలికి వెళ్లిపోయాడు.

సాయంత్రానికి శవమై వచ్చాడు. అటు పడాల్సిన చెట్టు ఇటు పడింది. కోసినవాడు రంపంతో సహా పరారయ్యాడు. ఎవడో, ఏ ఊరివాడో, ఎవరికీ తెలియదు.

మేస్త్రి వెళ్లి ఆ చెట్టు మొదలు చూశాడు. కోత కొడవలిలా ఎడమకి వంగి ఉంది. చైనుకి పళ్లు రెండు వరసలు. ఒక వరసకి పదును పెట్టి రెండోది వదిలేస్తేనే రంపం అలా పక్కకి లాగుతుంది. ఎవడో ఒళ్లు బద్ధకించిన వెధవ సగం పని చేసి తమ్ముణ్ణి మింగేశాడు. ఆ వంపు ఉన్న ముక్కనే కోసి తెచ్చి గోడకి తగిలించాడు.

"వాడి రంపం ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదికే రావాలమ్మా," అన్నాడు మరదలితో. "ఆ రోజు వాణ్ణి వదలను."

ఇప్పుడు దుంగ మీద రంపం పెట్టాడు. అది ఎడమకి లాగింది.

గోడ మీది చెక్క తీసి కోత పక్కన ఆనించాడు. వంపుకి వంపు అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మేస్త్రి గడ్డం మనిషి వైపు తిరిగాడు.

"ఆఖరుసారి దీంతో ఏం కోశావు?"

గడ్డం మనిషి తల దించుకున్నాడు. "గాలివాన వారంలో ఒక్క చెట్టు. అంతే. తాడు పట్టినబ్బాయి పోయాడు మేస్త్రీ. ఒట్టు, నేను సరిగ్గానే పట్టాను. రంపమే పక్కకి పోయింది. మళ్లీ దాని మొహం చూడలేదు. ఇప్పుడు ఇల్లు గడవక కిందికి దించాను."

ఆడలేక మద్దెల ఓడన్నాడట! మేస్త్రి పళ్లు నూరాడు. గొంతు మాత్రం మెత్తగా పెట్టాడు.

"బయట కూర్చో. బ్రేకు చూడాలి."

రంపం ఎగిరి మనిషి మీదికి తన్నినప్పుడు చైనును ఆపేది ఆ బ్రేకే. మేస్త్రి దాని స్ప్రింగు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మూత బిగించాడు. పైకి ఏ తేడా తెలియదు. ఒక్కసారి తన్నితే చాలు, తిన్నగా మెడ మీదికే.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత," అని గొణిగాడు. తమ్ముడు పోయాక గుండె తేలికపడింది ఇప్పుడే.

బయట నుంచి గడ్డం మనిషి కేకేశాడు. "మేస్త్రీ, ఆ చేత్తోనే చైనుకి పదును కూడా పెట్టేయండి. అప్పట్నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు."

"పెడతానయ్యా, ఎందుకు పెట్టను! ఎంత పదునుంటే అంత మంచిది."

కసిగా ఆకురాయి అందుకున్నాడు. కిరసనాయిలులో గుడ్డ ముంచి, చైను మీద పేరుకున్న జిడ్డును గట్టిగా రుద్ది తుడిచాడు.

కింద, తను పెట్టిన ఎర్ర చుక్క ఒక్కటే ఉంది.