పువ్వు రాయి

పన్నెండేళ్ళుగా లక్ష్మీనరసింహానిది ఒకటే సందేహం. పూజగదిలోని కొబ్బరిచిప్పంత రాయి మీద అంత పొందికగా అయిదు రేకుల పువ్వు ఎవరు చెక్కి ఉంటారు? పైకి అడగలేడు. అది కాశీ నుంచి తెచ్చిన సాలగ్రామమని భార్యతో చెప్పింది తనే.

"ఎవరూ చెక్కలేదు నాన్నా," అంది భూగర్భశాస్త్రం చదువుతున్న కూతురు ఆశ్రిత, రాయిని దీపం దగ్గర పెట్టి చూస్తూ. "ఇది హార్ట్ అర్చిన్ శిలాజం. సముద్రం అడుగున బురదలో బతికిన ముళ్ళ ప్రాణి. ముళ్ళు రాలిపోయి రాయైంది. ఊపిరి పీల్చింది ఈ రేకులతోనే."

"ఏం తినేదే?" జ్ఞానప్రసూనాంబ వంటింట్లో మిక్సీ ఆపి వచ్చింది.

"బురదే."

"అయ్యో, ఇన్నేళ్ళూ చక్రపొంగలి పెట్టామే!"

"ప్రాణి అని తీసేస్తావా అమ్మా?"

"సాలగ్రామం కూడా ఒకప్పటి ప్రాణేనని నువ్వే చెప్పావుగా. దేవుడికి లేని పట్టింపు నాకెందుకు? అవునుగానీ ఏమండీ, కాశీలో సముద్రం ఎక్కడిది?"

లక్ష్మీనరసింహానికి పొలమారింది.

"ఎప్పుడో ఉండే ఉంటుందిలే. ఎక్కడ దొరికిందో నాన్న రాసి సంతకం పెడితే మా కాలేజీలో చూపిస్తాను," అంది ఆశ్రిత.

సంతకం! నోటితో ఆడిన అబద్ధాన్ని ఎలాగో మోశాడు. దీపం సాక్షిగా కాగితం మీద ఎలా పెడతాడు? కాశీలో సాలగ్రామం సంగతి మర్చిపోయి, నల్లపాడు స్టేషన్లో దిగి వస్తూ, బసవమ్మ మిరపకల్లంలో పట్టా ఎగరకుండా పెట్టిన రాళ్ళలో ఒకటి సంచీలో వేసుకున్నాడు మరి.

రాయిని కండువాలో చుట్టుకుని కల్లానికి నడిచాడు. బసవమ్మ కాయలు తిరగేస్తోంది. ఆ ఘాటుకు రెండుసార్లు తుమ్మి, "తప్పయిందమ్మా. అప్పట్లో నీ రాయి ఎత్తుకుపోయింది నేనే. ఇదుగో," అన్నాడు.

"తెలుసులెండి పంతులుగారూ. పువ్వు రాయి కనపడ్డంలేదని మర్నాడే మీ ఇంటికొచ్చా. లోపలికి తొంగి చూస్తే, గంధం పూసుకుని పీట మీద కూర్చునుంది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"అమ్మగారు బదులు రాయి ఇచ్చారుగా!" పువ్వు రాయిని పట్టా మూల పెట్టి, అక్కడున్నదాన్ని ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. "మాది మాకొచ్చింది. మీది మీరు పట్టకెళ్ళండి."

అది వాళ్ళింటి రుబ్బురోలు పొత్రం. పోయిందని ఆయన అటకలన్నీ వెతికిన పొత్రం.

"'ఆయనకి మాత్రం చెప్పకు బసవమ్మా,' అన్నారండీ అమ్మగారు. 'పొత్రం దొరికితే మిక్సీ కొనరు!'"