ముందు ఒక మంచి మాట

“ఆ లాయరుని గ్రూపులోంచి తీసేస్తారా, నన్నే పొమ్మంటారా?” ఫోను పట్టుకుని పళ్ళ డాక్టరు గుమ్మంలో నిలబడ్డాడు కింది వాటా టైలరు.

అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపుకి డాక్టరే అడ్మిన్. పై అంతస్తు లాయరు పూలకుండీలకు పోసిన నీళ్ళు, టైలరు కిటికీకి తగిలించిన పెళ్ళికొడుకు కోటు మీద పడ్డాయి. ‘కళ్ళు నెత్తికెక్కాయా?’ అని గ్రూపులో అడిగాడు టైలరు. ‘కోటు తడిస్తే కోర్టుకెళ్ళు’ అన్నాడు లాయరు. మధ్యాహ్నానికల్లా గ్రూపు రెండుగా చీలింది. లిఫ్టులో ఎదురుపడినవాళ్ళు మొహాలు తిప్పుకుంటున్నారు.

“ఎవరినీ తీయను. నొప్పెట్టిన పన్నునల్లా పీకేస్తామా?” అని డాక్టరు అప్పటికప్పుడు గ్రూపులో ఒక రూలు పెట్టాడు: ‘ఎవరైనా ఎవరినైనా తిట్టుకోవచ్చు. కాకపోతే ముందు వాళ్ళ గురించి ఒక మంచి మాట రాయాలి. అది నిజమై ఉండాలి.’

టైలరు పళ్ళు నూరుతూ అక్కడే నిలబడి రాశాడు: ‘లాయరుగారి గొంతు కంచుగంట. బుద్ధి మాత్రం చిల్లుకుండ.’

జవాబు వెంటనే వచ్చింది: ‘టైలరుగారు కుట్టిన కోటు తొడుక్కున్నాకే నేను కేసులు గెలవడం మొదలైంది. అన్నీ కుడతాడు, తన నోరు తప్ప.’

టైలరు మొదటి వాక్యం మళ్ళీ చదువుకున్నాడు. “ఈ సంగతి ఆయన నాకెప్పుడూ చెప్పలేదండీ,” అన్నాడు మెల్లగా.

సాయంత్రానికి లాయరు కుండీల కింద పళ్ళేలు వెలిశాయి. టైలరు తడిసిన కోటు ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీశాడు.

డాక్టరు తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆ మురిపెం వారం కూడా నిలవలేదు. గొడవలు తగ్గకపోగా వానాకాలం పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. మెట్ల మీది చెప్పుల కోసం ఒకటి, లిఫ్టులో ఎక్కే పిల్లి కోసం ఒకటి. ‘వదినగారు నవ్వితే మెట్లన్నీ వెలిగిపోతాయి. ఆ మిక్సీ చప్పుడే భరించలేం’ అని ఒకరు. ఎన్నడూ ఎవరి జోలికీ పోని మొదటి అంతస్తు బామ్మగారు రేడియో చెవులు పగిలేలా పెట్టి, ఎవరు తిడతారా అని ఫోను ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

“ఏమొచ్చిందే వీళ్ళకి? ఎదురుపడితే నవ్వులు, గ్రూపు చూస్తే రణరంగం. ఇవాళే ఆ రూలు తీసిపారేస్తాను,” అన్నాడు డాక్టరు విసుగ్గా.

అతని భార్య మడత పెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది. ఫోను తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“తీసేద్దురుగాని. ముందు గ్రూపులో నాతో ఒక్కసారి గొడవ పెట్టుకోండి.”